పాటలు రాసిన పాస్టరుగారు వెళ్లిపోయాక ఆయన్ని స్మరించుకోవడం ఎలా

వాక్యం చెప్పేవారు, పాటలు కట్టేవారు ఒక్కరే అయిన సంఘాలు చాలా ఉన్నాయి. అలాంటి సేవకుడు ప్రభువునందు నిద్రించినప్పుడు పుల్పిట్ (ప్రసంగ వేదిక) ఖాళీ అయిన సంగతి అందరికీ తెలుస్తుంది. పెద్దలు కూర్చుని మాట్లాడుకుంటారు, ఇంకొకరిని పిలుస్తారు. పాట సంగతి మాత్రం వెంటనే ఎవరికీ తట్టదు. వచ్చే ఆదివారం కూడా ఆయన పాటే పాడుకుంటాం కదా, అంతా నోటికి వచ్చిందే కదా అనుకుంటాం. కొంతకాలం గడిచేసరికి మూడో చరణం ఎవరికీ రాదు. ఇంకొంత కాలానికి బాణీ మారిపోతుంది, తాళం తేలికైపోతుంది, చివరికి పల్లవి ఒక్కటే మిగులుతుంది.

నేను మా సంఘం పాస్టరుగారి, అంటే మా అయ్యగారి పక్కన చాలా ఏళ్లు కీబోర్డు వాయించాను. ఆయన పోయాక పాటలు పోగుచేసే పని, జ్ఞాపకార్థ కూడికలో సంగీతం చూసుకునే పని నా మీద పడ్డాయి. ఆ పనిలో తెలుసుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను. నేను గట్టిగా నమ్మేది ఒకటే. పాటలు రాసినవారిని గుర్తుపెట్టుకోవడమంటే, ఆయన లేకపోయినా ఆయన పాటను సంఘం సరిగ్గా పాడగలగాలి. ఫోటోలు, వీడియోలు, గోడమీద పలక అన్నీ ఆ తర్వాతే.

మొదటి వారాల్లో

కుటుంబాన్ని అప్పుడే ఏమీ అడగొద్దు. అమ్మగారి (పాస్టరుగారి భార్య) చుట్టూ మనుషులుంటారు, పలకరింపులుంటాయి, కాగితాల పనులుంటాయి. ఆ సమయంలో "అయ్యగారి పాటల పుస్తకం ఎక్కడుందమ్మా" అని అడిగితే ఆ తల్లికి గుచ్చుకుంటుంది. అయితే ఒక్క మాట మాత్రం పిల్లల్లో ఎవరితోనైనా మెల్లగా చెప్పి ఉంచాలి: చేతిరాత ఉన్న కాగితం ఏదీ పారేయొద్దని.

ఎందుకంటే నష్టమంతా గది సర్దేటప్పుడే జరుగుతుంది. పాటలు నోటుబుక్కుల్లోనే ఉండవు. పాత ఆరాధన క్రమం కాగితాల వెనక, కవర్ల మీద, బైబిల్లో పెట్టుకున్న చీటీల మీద, డైరీలో ఏదో తేదీ కింద ఉంటాయి. అమెరికాలో పాస్టరుగానూ గాస్పెల్ (క్రైస్తవ భక్తి) సంగీతకారుడిగానూ పేరు పొందిన ఆండ్రే క్రౌచ్ గురించి ఒక సంగతి చెబుతారు. చిన్నవయసులో రాసిన తొలి పాట నచ్చక ఆయన చెత్తబుట్టలో పడేస్తే, కవల సోదరి సాండ్రా దాన్ని బయటికి తీసి దాచిందట. ఆయన 2015లో కన్నుమూశారు, ఆ పాట నేటికీ ఎన్నో దేశాల సంఘాల్లో వినపడుతోంది. ఇంట్లో ఒక మనిషి కాగితాన్ని పట్టించుకోవడం వల్ల ఏం మిగులుతుందో ఆలోచించండి.

కాగితాల తర్వాత చూడాల్సింది ఫోను. ఈ రోజుల్లో పాట మొదట పుట్టేది అందులోనే. రాత్రి ఏదో బాణీ తడితే హమ్ చేసి రికార్డు చేసుకుంటారు. లైను మారిస్తే ఎవరికో వాయిస్ మెసేజ్ పెడతారు. అందుకని ఫోను రీసెట్ చేసి ఇంకెవరికో ఇచ్చేలోపు అందులోని రికార్డింగులన్నీ కాపీ చేయమని కుటుంబాన్ని కోరాలి. వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకపోతే సాధారణంగా తొలగించేస్తారు. గూగుల్ ఖాతాను రెండేళ్లు ఎవరూ తెరవకపోతే దాన్ని తొలగించే హక్కు ఆ సంస్థ తన దగ్గర ఉంచుకుంది. ఫేస్‌బుక్‌లో అయితే ఖాతాను జ్ఞాపకార్థంగా మార్చమని కుటుంబం కోరవచ్చు. ఈ పనులు చేయాల్సింది కుటుంబమే. పాస్‌వర్డులు మనం అడగకూడదు, మన దగ్గర ఉంచుకోకూడదు. పక్కన కూర్చుని సాయం చేస్తే చాలు. ఆయన సొంత సంభాషణల్లోకి తొంగిచూడకుండా పాటల వరకే పరిమితం కావాలి. సంఘస్తులు నమ్మి చెప్పుకున్న ఎన్నో కష్టాలు ఆ ఫోనులో ఉంటాయి, అవి ఆయనతోనే పోవాలి.

కుటుంబం కాస్త తేరుకున్నాక వెళ్లి అనుమతి అడగండి. ఒకరే వెళ్లకుండా క్వాయరు నుంచి ఒకరు, పెద్దల నుంచి ఒకరు కలిసి వెళ్తే మంచిది. ఏం చేయబోతున్నారో, కాగితాలు ఎన్నాళ్లు ఉంచుకుంటారో, ఎలా తిరిగి ఇస్తారో అన్నీ చెప్పండి. వీలైతే నోటుబుక్కులు బయటికి తేకుండా ఆ ఇంట్లోనే ఫోటోలు తీసుకోండి. అమ్మగారికి అదే పెద్ద ఊరట. ఆయన చేతిరాత ఆ ఇంట్లోనే ఉంటుంది.

నోటుబుక్కు చదవడం

ఇది పైకి కనపడినంత సులువు కాదు. ప్రతి పాటగాడికీ తనదైన గుర్తులుంటాయి. మా అయ్యగారి పుస్తకంలో ప్రతి పాట పైన కుడి మూలలో ఒక అక్షరం ఉండేది, ఎక్కువగా డి లేదా సి. అది స్కేలని, అంటే పాట ఎత్తుకోవాల్సిన శృతి అని ఎవరైనా చెప్పగలరు. కానీ కొన్నింటికి రెండు అక్షరాలున్నాయి. పొద్దున్నే ఆరాధనకి గొంతులు ఇంకా తెరుచుకోవు కాబట్టి సి, సాయంత్రం కూడికలో డి. చరణం మధ్యలో నిలువు గీత ఉంటే అక్కడ అందరూ ఊపిరి తీసుకోవాలి. మాట కింద రెండు గీతలుంటే అక్కడ వాయిద్యాలు ఆగిపోవాలి.

ఒక పాటలో "నీవే" అన్న మాట కింద ఆ రెండు గీతలున్నాయి. అక్కడికి వచ్చేసరికి ఆయన ఎడమచెయ్యి కొంచెం పైకి లేచేది. నేను వేళ్లు తీసేదాన్ని, డ్రమ్స్ ఆగేవి, ఆ ఒక్క మాట వట్టి గొంతులతో హాలంతా నిండేది. తర్వాత అరక్షణం ఆగి మళ్లీ తాళంలోకి వచ్చేవాళ్లం. ప్రాక్టీసులో కొత్తవాళ్లు అక్కడ ఆగకుండా వెళ్లిపోతే ఆయన పాట ఆపి, ఆ చరణాన్ని రాగం లేకుండా మామూలుగా చదివించేవారు. చదివితే ఎక్కడ ఆగాలో మనకే తెలుస్తుందనేవారు. కాగితం మీద ఉన్నది రెండు గీతలే. వాటి అర్థం తెలిసినవాళ్లు ఏ సంఘంలోనైనా వేళ్లమీద లెక్కపెట్టగలిగినంత మందే ఉంటారు.

కాబట్టి పుస్తకం ఫోటోలు తీశాక మొట్టమొదట చేయాల్సిన పని, ఆ గుర్తుల అర్థాలన్నీ ఒక పేజీలో రాసి పెట్టడం. వాయించినవాళ్లు, పాడినవాళ్లు కలిసి కూర్చుంటే ఒక సాయంత్రంలో అయిపోతుంది.

కొట్టివేతల్ని కూడా వదలొద్దు. ఆయన ఒక లైను కొట్టేసి ఇంకో లైను రాశారంటే, ఏది వద్దనుకున్నారో కూడా మనకు తెలుస్తోందన్నమాట. ఏ కాలంలో ఏ మాట మార్చారో తేదీ ఉంటే రాసుకోండి. ఒకే పాట మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటే మూడూ ఎత్తి రాయండి. ఏది పాడాలన్నది తర్వాత తేల్చుకోవచ్చు. వ్యాకరణం సరిచేయాలన్న కోరిక కొందరికి పుడుతుంది. దయచేసి ఆ పని చేయకండి. ఆయన "వచ్చితిని" అని రాస్తే "వచ్చాను" అని మార్చొద్దు, "వచ్చినా" అని రాస్తే "వచ్చితిని" అని పెద్దరికం తగిలించొద్దు. ఆ మాట తాళంలో అలాగే కూర్చుంటుంది.

పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లండి

పుస్తకాల్లో లేని పాటలు మనుషుల్లో ఉంటాయి. తొలి రోజుల్లో ఆయనతో కలిసి తిరిగిన పెద్దవాళ్లకి, ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఆరాధనకి రాలేనివాళ్లకి గుర్తున్నన్ని చరణాలు మనకు ఒక్కరికీ గుర్తుండవు. కాగితాల పని ఆలస్యమైనా ఫరవాలేదు కానీ వీళ్ల దగ్గరికి వెళ్లడం ఆలస్యం చేయొద్దు.

వెళ్లాక "అయ్యగారి గురించి చెప్పండి" అని అడిగితే అందరూ ఒకేలా మాట్లాడతారు: మంచి మనిషి, గొప్ప సేవకుడు, అలాంటివారు మళ్లీ పుట్టరు. మనసులోంచి వచ్చిన మాటలే, కానీ మన పనికి చాలవు. "ఆయన మీ ఇంట్లో ప్రార్థన పెట్టినప్పుడు ఏ పాట పాడేవారు? ఒకసారి పాడతారా?" అని అడగండి. పాడటం మొదలయ్యాక జ్ఞాపకాలు వాటంతట అవే వస్తాయి. ఏ పాట ఎవరి అంత్యక్రియల రాత్రి పుట్టిందో, ఏది ఏ ప్రసంగం తర్వాత రాశారో, ఏ చరణం ఎవరి కోసం చేర్చారో తెలుస్తుంది. పాస్టరుగారి పాటకి ఆ సంబంధం చాలా ముఖ్యం. ఆయన ప్రసంగం, పాట విడివిడిగా ఉండవు. ఏ వాక్యభాగం మీద చెబుతూ ఆ పాట కట్టారో తెలిస్తే, రేపు పాడేవాళ్లకి దాని బరువు తెలుస్తుంది.

రికార్డు చేయడానికి మామూలు ఫోను చాలు. దాన్ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే సరిగ్గా మంచి చరణంలో కాల్ వస్తుంది. ఫ్యాను ఆపండి. ఫోనుని చేతిలో పట్టుకోకుండా మెత్తని గుడ్డ మీద, పాడేవారికి ఒక మూరెడు దూరంలో పెట్టండి. మొదట్లో మీరే తేదీ, పాడేవారి పేరు, పాట మొదటి లైను చెప్పండి. ఏళ్ల తర్వాత ఫైలు పేరు పోయినా ఆ మాటలు లోపలే ఉంటాయి. శృతి ఇవ్వొద్దు, వాళ్ల గొంతుకి వచ్చిన చోట ఎత్తుకోనివ్వండి. బాణీ మీకు తెలిసినదానికి వేరుగా ఉన్నా మధ్యలో సరిచేయొద్దు. బహుశా అదే మొదటి బాణీ. పంపేటప్పుడు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా కాకుండా డాక్యుమెంటుగా పంపితే క్వాలిటీ తగ్గకుండా ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

క్యాసెట్లు దొరికితే

పాత సేవకుల విషయంలో ఎవరో ఒకరి బీరువాలో ఒక డబ్బా క్యాసెట్లు తప్పకుండా దొరుకుతాయి. వెంటనే ప్లేయర్లో పెట్టి వినాలనిపిస్తుంది. ఒక్క నిమిషం ఆగండి. ముందు క్యాసెట్ పై అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేయండి. అవి లేకపోతే పొరపాటున దానిమీద రికార్డు అయ్యే ప్రమాదం ఉండదు. లోపల తెల్లటి బూజు కనపడితే అసలు ప్లే చేయొద్దు, ఆ పని తెలిసినవాళ్లకే ఇవ్వాలి. టేపు వెనక ఉండే చిన్న ఫెల్ట్ మెత్త ఊడిపోయిందేమో చూడండి. ఊడిపోతే శబ్దం మసకబారుతుంది, ఆ టేపుని ఇంకో మంచి క్యాసెట్ గుల్లలోకి మార్పించాలి. అంతా బాగుంటే చివరిదాకా ముందుకి, మళ్లీ వెనక్కి ఒకసారి తిప్పండి. ఏళ్ల తరబడి ఒకే చోట బిగుసుకుపోయిన టేపు సమంగా చుట్టుకుంటుంది. ప్లేయర్ హెడ్‌ని (టేపుకి తగిలే భాగాన్ని) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఇదంతా చేశాక, మొదటిసారి ప్లే చేసేటప్పుడే కంప్యూటర్‌లోకి రికార్డు చేసుకోండి. పాత టేపు రెండోసారి ఎలా పలుకుతుందో చెప్పలేం.

సేవ్ చేసేది డబ్ల్యూఏవీ ఫైలుగా, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఉండాలి. అందరికీ పంచడానికి ఎమ్‌పీ3 వేరేగా తయారుచేసుకోవచ్చు. అసలు ఫైలు మూడు కాపీలు ఉంచండి: కుటుంబం దగ్గర ఒకటి, సంఘం దగ్గర ఒకటి, మూడోది వేరే చోట, వీలైతే క్లౌడ్‌లో. ఒకే పెన్‌డ్రైవ్‌లో పెట్టి హమ్మయ్య అనుకోవడం ఏమాత్రం మంచిది కాదు.

ఇక క్లీన్ చేయడం గురించి. హిస్ (టేపులో సర్రుమనే శబ్దం) తగ్గించే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. వాడండి, కానీ కాపీ మీద మాత్రమే, అదీ తక్కువగా. సంఘం "ఆమేన్" అనడం, చప్పట్లు, ఎవరో పసిబిడ్డ ఏడవడం, ఆయన పాట మధ్యలో "ఇంకోసారి" అనడం కూడా ఆ రికార్డింగులో భాగమే. రెవరెండ్ జేమ్స్ క్లీవ్‌లాండ్ 1963లో న్యూజెర్సీలో ఒక చర్చి క్వాయరుతో చేసిన రికార్డింగు గాస్పెల్ సంగీతంలో మైలురాయి. స్టూడియోలో కాకుండా జనం మధ్య చేసింది కాబట్టే దానికి అంత ప్రాణం వచ్చింది. సంఘం లేని గాస్పెల్ పాట సగమే పాట అని నా అభిప్రాయం.

పాటని కాగితం మీద పెట్టడం

వింటే వస్తుందిలే అనుకుంటే రెండో తరానికి చేరదు. ఫిలడెల్ఫియాలో సేవ చేసిన చార్లెస్ ఆల్బర్ట్ టిండ్లీ ఒకప్పుడు తాను ఊడ్చి శుభ్రం చేసిన చర్చికే పాస్టరు అయ్యారు. ఆయన పాటల సంకలనం 1916లో అచ్చయింది. ఆయన 1933లో చనిపోయారు, కానీ పాటలు అప్పటికే పుస్తకంలో ఉన్నాయి కాబట్టి ఎవరెవరో నేర్చుకుని పాడారు. మన పురుషోత్తమ చౌదరిగారు 1890లో కన్నుమూశారు. ఆయన కీర్తనలు ఈ రోజుకీ పాడుకోగలుగుతున్నామంటే, పుస్తకంలో పాటతోపాటు రాగం, తాళం కూడా అచ్చు వేయడం అందులో పెద్ద కారణం.

మీరు చేయాల్సిందీ అదే. ప్రతి పాటకీ ఒక పేజీ. పైన మొదటి లైను, స్కేలు, తాళం, వేగం. వేగం తెలుసుకోవడానికి ఆయన సొంత రికార్డింగు పెట్టుకుని ఫోనులో మెట్రోనోమ్ యాప్ మీద తట్టి చూడండి. మన చేతులు అలవాటులో ఎప్పుడూ కొంచెం పరిగెడతాయి. తర్వాత పల్లవి, చరణాలు, లైన్ల పైన కార్డ్స్ (కలిపి వాయించే స్వరాల గుర్తులు), ఊపిరి తీసుకునే చోట్లు, ఆగే చోట్లు. కింద రెండు మూడు వాక్యాల్లో ఆ పాట కథ. స్వరాలు రాయగలిగినవాళ్లు స్వరాల్లో రాయండి, స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య పద్ధతి) వచ్చినవాళ్లకి మ్యూజ్‌స్కోర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. రెండూ రాకపోతే వాక్యాల్లో రాయండి: "మూడో చరణం రెండో లైను కింద నుంచి ఎత్తుకోవాలి, ఆడవాళ్లు మాత్రమే" అని. అదీ చాలా పనికొస్తుంది.

బాణీ ఎవరిదో కూడా రాయాలి. చాలామంది సేవకులు పాత బాణీలకి కొత్త మాటలు కడతారు, అందులో తప్పేమీ లేదు. గాస్పెల్ సంగీత పితామహుడని పిలిచే థామస్ డోర్సీ 1932లో రాసిన "ప్రెషస్ లార్డ్, టేక్ మై హ్యాండ్" కూడా ఒక పాత కీర్తన బాణీ మీద కట్టినదే. మాటలు అయ్యగారివి, బాణీ ఫలానా అని రాస్తే ఆయన గౌరవం తగ్గదు. రాయకపోతే రేపు ఇంకెవరో వచ్చి అనరాని మాట అంటారు.

జ్ఞాపకార్థ కూడిక

ఇక్కడ అందరికీ టెన్షన్ ఉంటుంది. ఎవరిని పిలవాలి, ఎవరు ముందు మాట్లాడాలి, ఎవరు నొచ్చుకుంటారు. నా సలహా ఒకటే, ముందు పాటలు నిర్ణయించి మాటలు వాటి మధ్యలో అమర్చండి. సాధారణంగా దీనికి తలకిందులుగా చేస్తారు. ప్రసంగాలన్నీ రాసుకుని, ఖాళీ దొరికిన చోట పాట పెడతారు. అప్పటికి జనం అలిసిపోతారు.

మాట్లాడేవాళ్లకి ముందే చెప్పండి: మూడు నాలుగు నిమిషాలు, ఒక్క సంఘటన, రాసుకుని రావాలి. ఇది మర్యాద తక్కువ కాదు. అమెరికాలో నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ చనిపోవడానికి రెండు నెలల ముందు తన చర్చిలో చేసిన ప్రసంగంలో తన అంత్యక్రియల గురించి తానే చెప్పారు. ఎక్కువసేపు మాట్లాడొద్దని, నోబెల్ బహుమతి గురించి ఎత్తొద్దని, ఇతరుల సేవలో బతకడానికి ప్రయత్నించాడని చెబితే చాలని. 1968 ఏప్రిల్ 9న ఆయన అంత్యక్రియల్లో ఆ ప్రసంగం టేపునే వినిపించారు. అదే రోజు గాస్పెల్ గాయని మహాలియా జాక్సన్ డోర్సీ రాసిన ఆ "ప్రెషస్ లార్డ్" పాట పాడారు. తన భార్య ప్రసవంలో చనిపోయి, పుట్టిన బిడ్డా దక్కని దుఃఖంలో డోర్సీ రాసుకున్న పాట అది. ఒకరి ఇంటి ఏడుపులోంచి పుట్టిన పాట ముప్పైఆరేళ్ల తర్వాత ఇంకో సేవకుడి కోసం ఏడుస్తున్న జనాన్ని పట్టుకుని నిలబెట్టింది. మీ అయ్యగారి పాటల్లో కూడా అలాంటిది ఒకటి ఉంటుంది. ఆయన సొంత కష్టంలో రాసుకున్నది. కుటుంబానికి ఇష్టమైతే కూడికకి అదే గుండెకాయ కావాలి.

ఆయన గొంతు వినిపించాలా వద్దా అన్నది జాగ్రత్తగా ఆలోచించాలి. స్పీకర్లో వరసగా పాటలు పెడితే జనం ప్రేక్షకులైపోతారు. నేను చేసే పద్ధతి చెబుతాను. ఒకే ఒక పాట, అదీ పల్లవి, మొదటి చరణం వరకే ఆయన రికార్డింగు వినిపించాలి. చరణం అయ్యేసరికి శబ్దం మెల్లగా తగ్గించి, అదే స్కేల్లో, అదే వేగంలో కీబోర్డు అందుకోవాలి, రెండో చరణం సంఘం పాడాలి. దీనికి ముందురోజు రిహార్సల్ తప్పనిసరి. పాత టేపులు అసలు స్కేలుకి కాస్త పైకో కిందికో జరిగి ఉంటాయి. కీబోర్డులో ట్యూనింగు కొంచెం మార్చుకుని రికార్డింగుకి సరిపెట్టుకోవాలి, లేకపోతే అందుకునే చోట చెవికి పోటు పొడుస్తుంది. అమ్మగారికి, పిల్లలకి ఈ సంగతి ముందే చెప్పి, వాళ్లు విన్నాకే సభలో వినిపించండి. పోయినవారి గొంతు హఠాత్తుగా హాల్లో వినపడితే తట్టుకోవడం కష్టం.

మిగతా పాటల స్కేలు ఆయన గొంతుకి కాకుండా సంఘం గొంతుకి పెట్టండి. ఏడుస్తూ పాడేవాళ్లకి పై స్థాయి అందదు. ఒక స్వరమో, రెండు స్వరాలో దించితే అందరూ కలుస్తారు. మాటలు తెరమీద గానీ కాగితం మీద గానీ ఉండాలి, అందరికీ వచ్చులే అనుకోవద్దు. ప్రతి పాట కింద ఆయన పేరు రాయండి. ఒక పాట పిల్లలతో పాడించండి. ఆయన్ని చూడని పిల్లలు ఆయన పాట పాడుతుంటే అమ్మగారి ముఖం ఎలా మారుతుందో మీరే చూస్తారు.

ఆయన గురించి చెప్పేటప్పుడు నిజం చెప్పండి. మా అయ్యగారికి ఆలస్యంగా వచ్చేవాళ్లంటే కోపం. ప్రాక్టీసుకి ఐదు నిమిషాలు లేటైతే ఆ రోజు పాడనిచ్చేవారు కాదు. క్వాయరులో ఆ మాట చెప్పినప్పుడు నవ్వారు, ఏడ్చారు, ఎందుకంటే అదీ ఆయనే. తప్పులే లేని మనిషిగా చెబితే వినేవాళ్లకి ఆయన గుర్తురారు. అయితే పాత గొడవలు, సంఘం చీలికలు, తర్వాత సేవకుడు ఎవరన్న చర్చ ఆ వేదిక మీదికి అస్సలు రాకూడదు. నిర్వహించేవారు ఈ ఒక్క విషయంలో కఠినంగా ఉండాలి.

హక్కులు, యూట్యూబ్, డబ్బు

పాటల మీద హక్కు ఆయన తర్వాత వారసులది. సంఘంలో పుట్టింది కాబట్టి అది సంఘం ఆస్తి అనుకోవడం పొరపాటు. కాపీరైట్ గురించిన అంతర్జాతీయ బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో రచయిత చనిపోయాక కనీసం 50 ఏళ్లు హక్కు ఉంటుంది. భారతదేశంలో 60, చాలా దేశాల్లో 70. పాట మీద హక్కు వేరు, రికార్డింగు మీద హక్కు వేరు. ఏదో సంస్థ తీసిన ఆల్బమ్ అయితే ఆ ఆడియో మీద వాళ్లకి హక్కు ఉండవచ్చు, అడగాలి. అమ్మగారి దగ్గర ఒక చిన్న కాగితం మీద రాయించుకోండి: ఫలానా పాటలు, ఫలానా చోట పెట్టడానికి అనుమతి, ఆదాయం ఏమైనా వస్తే ఎవరికి. మనలో మనకి కాగితాలేంటి అంటారు. ఈ కాగితం మనలో మనం అలాగే ఉండటం కోసమే.

వీడియోలు ఒకరి సొంత ఛానెల్లో పెట్టడం కంటే కుటుంబమో సంఘమో నడిపే ఛానెల్లో పెట్టడం మేలు. మనుషులు ఊరు మారతారు, పాస్‌వర్డు మర్చిపోతారు. జబ్బుతో ఉన్నప్పటి ఫోటోలు, శవపేటిక దగ్గర తీసిన వీడియోలు పెట్టకండి. పాడుతున్నప్పటి ముఖం పెట్టండి.

ఇంకొకటి కొత్తగా వచ్చింది. ఆయన గొంతుని కంప్యూటర్‌కి నేర్పించి కొత్త పాటలు పాడించవచ్చని ఈమధ్య కుర్రాళ్లు ఉత్సాహంగా చెబుతున్నారు. వాళ్ల ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ నేను ఒప్పుకోను. ఆయన పాడని మాటని, ఆయన ప్రార్థించి రాయని మాటని ఆయన గొంతులో వినిపించడం సాక్ష్యం చెప్పని మనిషి పేరుతో సాక్ష్యం చెప్పడమే. ఆయన గొంతు ఎంత ఉందో అంతే ఉండనివ్వండి. కొత్త పాటలు కొత్తవాళ్లు తమ గొంతుతో పాడాలి.

కూడిక అయిపోయాక

అసలు పని అక్కడి నుంచి మొదలవుతుంది. ఏడాదికి ఒకసారి ఆయన వర్ధంతి రోజున పది పాటలు పాడేకంటే, నెలకి ఒక పాట మామూలు ఆరాధనలో పాడితే ఎక్కువ నిలుస్తుంది. ఎక్కువమందికి రానిది ఏదో చూసుకుని దాంతో మొదలుపెట్టండి. నేర్పేటప్పుడు ఆయన నేర్పినట్టే నేర్పండి. మేము ముందు మాటలు చదివిస్తాం, తర్వాత చప్పట్లతో తాళం, ఆ తర్వాతే రాగం. ఎవరైనా కొత్త చరణం రాసి చేరుస్తానంటే కాదనకండి, కానీ కింద వాళ్ల పేరు రాయండి. ఆయన మాటలూ వాళ్ల మాటలూ కలిసిపోకూడదు.

ఆయన వాయిద్యం ఉంటే దాన్ని అద్దాల పెట్టెలో పెట్టాలని చాలామంది ఆశపడతారు. గిటారు అయినా, హార్మోనియం అయినా వాయించకుండా ఉంచితే పాడవుతుంది. తంత్రులు తుప్పు పడతాయి, బెలోస్ (హార్మోనియం గాలితిత్తులు) బిగుసుకుంటాయి. కుటుంబం సరేనంటే దాన్ని సంఘంలో నేర్చుకుంటున్న ఒకరికి అప్పగించండి. వాళ్ల చేతికి ఇచ్చేముందు మంచి మెకానిక్‌కి చూపించి సర్వీసు చేయించండి, ఆ ఖర్చు క్వాయరు పెట్టుకోవాలి. ఎవరి దగ్గర ఉందో, ఎప్పుడు తిరిగి ఇవ్వాలో పాటల ఫైలు వెనక రాసి ఉంచండి. ఇప్పుడు అయ్యగారి హార్మోనియం మా దగ్గర ఒక ఇంటర్ చదివే అమ్మాయి వాయిస్తోంది. ఆయన డి లో పెట్టిన పాటని తన గొంతు కోసం ఎఫ్ కి మార్చుకుంది. పాట పేజీలో ఆ స్కేలు కూడా రాసి, పక్కన ఆమె పేరు, తేదీ వేశాను.